దవడ గట్టోడు అంటే ఎవుడబ్బా? దెబ్బలు తింటే గట్టిపడతాదా, పుట్టుకతోనే రావాల్నా?

కొర్లగుంట_కుర్రోడు:
అందరికీ నమస్తే. నేను ఆడేవాణ్ణి కాదు, రాత్రిపూట యూట్యూబ్‌లో పాత ఫైట్లు చూసే బ్యాచ్. మా తమ్ముడు మాత్రం ఇక్కడ తిరుపతిలోనే ఒక జిమ్ములో బాక్సింగ్ నేర్చుకుంటా ఉన్నాడు, పదిహేడేళ్ళు, 57 కేజీలు. మొన్న స్పారింగ్‌లో (ఇద్దరు కలిసి చేసే ప్రాక్టీస్ ఫైట్) వీడికంటే బరువైనోడు ఎడమ హుక్ (చేయి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) దవడ పక్కన తగిలిస్తే కింద పడలా గానీ మోకాళ్ళు లూజైపోయి తాళ్ళకు ఆనుకున్నాడంట. కోచ్ ఆపకుండా ఇంకో రౌండ్ చేయించి, అయిపోయినాక అందరి ముందు "నీది గాజు దవడరా, రోజూ నాలుగు తింటే అదే గట్టిపడతాది" అన్నాడంట. ఇప్పుడు వీడు ఆ మాటే పట్టుకోని పెద్దోళ్ళను అడిగి మరీ తలకు తింటున్నాడు, ఇంట్లో అమ్మకు తెలీదు. నా డౌటేమంటే, దెబ్బ తట్టుకునేది అట్ల తింటే పెరుగుతుందా? అసలు అది ఎముకా, మెడా, గుండె ధైర్యమా? ప్రొఫెషనల్స్‌లో కూడా కొందరు ఎంత కొట్టినా పడరు, కొందరు ఒక్కదానికే పోతారు, ఎందుకు?

మెసానికల్_మణి:
ముందు ఆ స్పారింగ్ ఆపిచ్చు తమ్ముడూ, డౌట్లు తర్వాత. కాళ్ళు వణికినోణ్ణి పట్టుకోని ఇంకో రౌండ్ చేపిచ్చినాడు జూడు, నాకు ఆడనే మండింది. తలకాయేమన్నా కండనా తింటే పెరిగేదానికి?

మేం చిత్తూర్లో ఆడేటప్పుడు గూడా ఈ మాటలు శానా ఇన్న్యాం. మా బ్యాచ్‌లో ఒకడుండె, ఎంత కొట్టినా కదలడు, రాయి అని పేరు పెట్టింటిమి. వాడితో స్పారింగ్ అంటే అందురికీ సంబరమే, ఎందుకంటే మన బలమంతా వాడిమీద చూపిచ్చుకోవచ్చు, వాడు నవ్వతా నిలబడతాడు, మా మాస్టరు గూడా చూడండిరా వీణ్ణి అంటాడు. అట్ల కొన్నేండ్లు తిన్న్యాడు. ఒకసారి వైజాగ్‌లో రాష్ట్ర పోటీలప్పుడు చిన్న రైట్ ఒకటి తగిలింది, నిజంగా చిన్నదే, పక్కన కూచున్న మాకే నవ్వొచ్చింది, వాడు కూచున్నాడు. లేసినాడు, మళ్ళా తగిలింది, మళ్ళా కూచున్నాడు. ఇంగ ఆ తర్వాత ఎవురు తాకినా అంతే. ఉన్నదంతా జిమ్ములోనే మాకిచ్చేసినాడు వాడు, మెడల్ దగ్గిరికొచ్చేసరికి ఏమీ మిగల్లా.

పుంగనూరు_పిడికిలి:
మణన్నా నీ ఫ్రెండు కథ సరే గానీ, దెబ్బలు తినకుండా బాక్సర్ ఎట్లయితాడు? మెక్సికో వాళ్ళ జిమ్ములు చూడు, స్పారింగ్ అంటే యుద్ధమే. గోలోవ్కిన్ ఉండాడు, అమెచ్యూర్‌లో గానీ ప్రొఫెషనల్‌లో గానీ ఒక్కసారి గూడా కింద పడలేదు. హాగ్లర్ 67 ఫైట్లు ఆడితే తను కింద పడినట్టు లెక్కలో ఉండేది ఒకే ఒక్కసారి, అదీ 1984లో రోల్డాన్‌తో ఆడేటప్పుడు, అదీ జారిపడిందే అని హాగ్లర్ మొత్తుకున్నాడు, వీడియో చూస్తే నాకూ అట్లే అనిపిచ్చింది. వీళ్ళంతా పరుపుల మీద ప్రాక్టీస్ చేసినారా? మనసు గట్టిదైతే దవడ గట్టిదైతాది. ఇప్పటి పిల్లోళ్ళకు ఒకటి తగిల్తే గూగుల్ కొడతారు.

కాణిపాకం_కామెంట్:
దవడ పోతే ఏముంది, పక్కనే పుత్తూరు, కట్టు కట్టిచ్చుకుంటే సరి 😂

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ:
పుత్తూరు కట్టు దవడకి కడితే అన్నం ఎట్లా తింటావ్ నాయనా 😄

సరే, సీరియస్‌గా. ఎముక సంగతి ముందు తేల్చేద్దాం. దవడ ఎముక గట్టిగా ఉంటే ఎముక విరగదు, అంతవరకే. నాకౌట్‌కీ దానికీ పెద్ద సంబంధం లేదు. 1973లో కెన్ నార్టన్ మహమ్మద్ అలీ దవడ విరగ్గొట్టాడు, అయినా అలీ 12 రౌండ్లూ కాళ్ళ మీదే ఉన్నాడు. దవడ విరిగినాయన నిలబడ్డాడు, ఏ ఎముకా విరగనివాళ్ళు రోజూ పడిపోతూనే ఉన్నారు. పడేసేది దవడ కాదు, మెదడు.

మెదడు పుర్రె లోపల ద్రవంలో ఉంటుంది. బిందె నిండా నీళ్ళు పోసి చటుక్కున పక్కకి తిప్పి చూడండి, బిందె తిరుగుతుంది, నీళ్ళు మాత్రం వెంటనే తిరగవు. గడ్డం చివర పక్కనుంచి హుక్ తగిలినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. గడ్డం అనేది మెడ నుంచి దూరంగా ఉండే కొస, అక్కడ తోస్తే తల గిర్రున తిరుగుతుంది, మెదడు వెనకబడుతుంది, లోపలి నరాల తీగలు సాగుతాయి. మనల్ని మెలకువగా ఉంచే వ్యవస్థ మెదడు కాండం దగ్గర ఉంటుంది, దానికి ఆ కుదుపు తగిలితే కాసేపు కరెంటు పోయినట్టే. నుదుటి మీద ఎదురుగా తగిలిన దెబ్బ నొప్పెక్కువ, కానీ తల అంతగా తిరగదు, అందుకే అనుభవం ఉన్నవాళ్ళు తప్పించుకోలేనప్పుడు నుదురు అడ్డం పెడతారు. 1985లో బ్రిటన్‌లో ఒక ప్రపంచస్థాయి హెవీవెయిట్ పంచ్‌ని కొలిచారు, పిడికిలి సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తగిలింది, మనిషి తలకైతే 53 జీల (గురుత్వాకర్షణకి 53 రెట్ల) త్వరణం వస్తుందని లెక్కకట్టారు. దాన్ని "మనసు గట్టిది" అని ఆపలేం.

మరి తేడా ఎందుకంటే చాలావరకు మెడ, దెబ్బ వస్తోందని ముందే తెలియడం, ఆ రోజు ఒంట్లో నీళ్ళు ఎంత ఉన్నాయి, అంతకుముందు ఎన్ని తిన్నాడు. కొంత పుట్టుక కూడా ఉంది, కాదనను. కానీ తింటే గట్టిపడుతుందనేది మాత్రం పూర్తిగా తలకిందుల మాట. మెదడుకి కాయ కాయదు.

హెవీవెయిట్_రెడ్డన్న:
డాక్టరమ్మ చెప్పినాక నేను చెప్పేదేముంది గానీ, నలభై ఏండ్లుగా ఈ పిచ్చి ఉన్నోణ్ణి కాబట్టి నాలుగు మాటలు. దెబ్బ తట్టుకోవడం అంటే జనం ఒకే సంగతి అనుకుంటారు, అందులో కనీసం రెండుండాయి. తగిలినా కదలకపోవడం ఒకటి, కదిలినాక తేరుకోవడం ఇంకొకటి. ఒకటి ఉండి రెండోది లేనోళ్ళు ఉండారు, రెండోది ఉండి మొదటిది లేనోళ్ళూ ఉండారు.

మొదటిదానికి కెనడా ఆయన జార్జ్ చువాలోని మించినోడు నా లెక్కలో లేడు. 93 ఫైట్లు, ఒక్కసారి కూడా కింద పడలేదు. అలీతో రెండుసార్లు, 1966లో 15 రౌండ్లు, మళ్ళా 1972లో. ఫ్రేజియర్‌తో ఆడినాడు, ఫోర్‌మన్‌తో ఆడినాడు. ఆ ఇద్దరే ఆయన్ని ఆపగలిగింది, అదీ రిఫరీ ఆపితే, ఆయన నిలబడే ఉన్నాడు. అయినా గుర్తుపెట్టుకోండి, 18 ఓడినాడు. ప్రపంచ టైటిల్ లేదు. పడకపోవడం వేరు, గెలవడం వేరు.

రెండోదానికి లారీ హోమ్స్. 1979 సెప్టెంబర్‌లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండ్లో ఒక రైట్ వేసినాడు, బాక్సింగ్ చరిత్రలో అంత గట్టిగా కొట్టేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, హోమ్స్ వెల్లకిలా పడినాడు, మామూలోడైతే స్ట్రెచరే. లేసినాడు, తూలినాడు, పట్టుకున్నాడు, రౌండ్ దాటించినాడు, పదకొండో రౌండ్లో షేవర్స్‌నే ఆపిచ్చినాడు. ఆ రౌండు మళ్ళా చూడండి, లేసినాక ఆయన కాళ్ళను మాత్రమే చూడండి. చేతులు కాదు, కాళ్ళు. ఎంతసేపటికి కాళ్ళు సొంతానికి వచ్చినాయో అదే చిన్, అంటే దెబ్బ తట్టుకునే శక్తి.

ఇంగ ఫ్లాయిడ్ ప్యాటర్సన్ ఉండాడు. 1959లో ఇంగెమార్ జోహాన్సన్ ఒకే రౌండ్లో ఏడుసార్లు పడగొట్టినాడు. ఏడు! మన లెక్కలో ఇది పక్కా గాజు దవడ. ఏడాది తిరక్కుండానే అదే జోహాన్సన్‌ను నాకౌట్ చేసి టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు, పోయిన హెవీవెయిట్ టైటిల్‌ను తిరిగి గెలిచిన మొదటోడు ఆయనే. దవడ లేనోడు చాంపియన్ కాలేడు అనేదానికి ఇంతకంటే జవాబు ఏం గావాల.

పుంగనూరు_పిడికిలి:
రెడ్డన్నా ఒప్పుకుంటా గానీ ప్యాటర్సన్ లేసినాడు కదా ఏడుసార్లు, అదే కదా నేను చెప్పేది, మనసు!

హెవీవెయిట్_రెడ్డన్న:
లేసింది మనసే, ఒప్పుకుంటి. కానీ లేసిన ప్రతిసారీ ఇంకొకటి తిన్న్యాడు గదా, ఆ మనసు లేకుంటే మూడు దెబ్బలతో ఇంటికి పోయేవోడు. దాన్ని మెచ్చుకోవాల్నో తిట్టాల్నో నాకిప్పటికీ తేలలా.

సౌత్‌పా_సుధ:
నేను మదనపల్లె, వైజాగ్‌లో ఉండి నేర్చుకున్నాను, రాష్ట్రం దాకా ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నా. డాక్టరుగారు "ముందే తెలియడం" అన్నారు చూడండి, అదొక్కటే సగం పైన. కనపడిన దెబ్బకి మెడ తనంతట తనే బిగుస్తుంది, పళ్ళు గమ్ షీల్డ్ (నోట్లో పెట్టుకునే పళ్ళ కవచం) మీద బిగుస్తాయి, ఒళ్ళు కొంచెం దెబ్బతో పాటు వెళ్తుంది. కనపడని దెబ్బకి ఇవేమీ జరగవు. నేను ఒక్కసారే నిజంగా పోయింది, అదీ పెద్ద పంచ్ కాదు, జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే దెబ్బ) వేసి చేయి కిందికి తెచ్చాను, ఆ అమ్మాయి నా చేతి మీదుగా వేసింది, అది రావడం నేను చూడనే లేదు. తర్వాత వీడియోలో చూసుకుంటే ఇంత చిన్నదా అనిపించింది.

అందుకే గాజు దవడ అని పేరు పెట్టే ముందు కోచ్ చూడాల్సింది, వాడు గడ్డం ఎత్తుకుని ఆడుతున్నాడా, జాబ్ వేశాక చేయి ఎక్కడికి వస్తోంది, దెబ్బ వచ్చినప్పుడు కళ్ళు మూస్తున్నాడా. పిల్లల్లో సగం మంది కళ్ళు మూసేస్తారు. నేనైతే గడ్డం కింద టెన్నిస్ బాల్ పెట్టి షాడో (ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లో పంచ్‌లు వేయడం) చేయిస్తాను, బాల్ పడితే మళ్ళీ మొదటినుంచి. వాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. నూటికి తొంభై "వీక్ దవడలు" దానితోనే బాగవుతాయి, ఎందుకంటే అవి వీక్ దవడలు కావు, ఎత్తిన గడ్డాలు.

మీ తమ్ముడు ఆ హుక్ తిన్నప్పుడు ఏం చేస్తున్నాడో అడగండి. రైట్ వేసి చేయి నడుం దగ్గర వదిలేసి ఉంటాడు, పందెం.

కొర్లగుంట_కుర్రోడు:
అక్కా ఇప్పుడే అడిగినా. జాబ్ వేసి వెనక్కి పోతుంటే తగిలిందంట, నేరుగా వెనక్కి, గడ్డం పైకెత్తి. ఫోన్లో వీడియో కూడా ఉంది, చూపించాడు, చేతులు రెండూ ఛాతీ దగ్గరే ఉన్నాయి.

సౌత్‌పా_సుధ:
నేరుగా వెనక్కి + గడ్డం ఎత్తడం. పందెంలో చేయి తప్పు చెప్పాను గానీ జబ్బు అదే 😊 ఇది రెండు నెలల్లో సరిచేసే పని, తలకు కొట్టించుకునే పని కాదు.

మెసానికల్_మణి:
సుధమ్మ చెప్పిందే నా మాట గూడా.

అలిపిరి_మెట్లు:
ఇంకొకటి ఎవురూ మాట్లాడటం లేదు, బరువు తగ్గిచ్చుకోవడం. నేను రోజూ తెల్లారి అలిపిరి మెట్లెక్కతా, సెలెక్షన్స్ ముందు ఈ పిల్లోళ్ళు కనపడతారు, మే నెల ఎండల్లో రెయిన్‌కోట్ తొడుక్కోని, దానిమీద స్వెట్టరు, గాలిగోపురం దాకా పరుగు, నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తారు గానీ మింగరు. 3550 మెట్లు ఎక్కే భక్తులకే దోవలో నీళ్ళు కావాలంటే వీళ్ళకు వద్దంట. అడిగితే "అన్నా రెండు కేజీలు దించాల" అంటారు. ఈ ఎండిపోయిన తలకాయతో రింగులోకి పోతే ఏమైతాది డాక్టరమ్మా?

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ:
మంచి పాయింట్. ఒంట్లో నీళ్ళు తగ్గితే రిఫ్లెక్స్ మందగిస్తుంది, అలసట త్వరగా వస్తుంది, మెడ కండలు కూడా అలసిపోతాయి, అంటే తలని పట్టుకునేవాళ్ళే ముందు చేతులెత్తేస్తారు. తూకం అయ్యాక గంటల్లో రెండు సీసాల నీళ్ళు తాగినంత మాత్రాన అంతా వెనక్కి రాదు. అమెచ్యూర్‌లో పోటీ రోజు పొద్దున్నే తూకం, అదే రోజు బౌట్, ఇంకా టైం తక్కువ. పదిహేడేళ్ళ పిల్లలకి బరువు దించడం కన్నా ఒక కేటగిరీ పైన ఆడించడం మేలు, ఈ మాట కోచ్‌లకి నచ్చదు.

హెవీవెయిట్_రెడ్డన్న:
దీనికి నా దగ్గిర ఉదాహరణ రాయ్ జోన్స్. ఎవురూ తాకలేని మనిషి. 2003లో హెవీవెయిట్‌కు పోయి జాన్ రూయిజ్ మీద టైటిల్ గెల్చినాడు, ఆ కండంతా కరిగిచ్చి మళ్ళా తన పాత తక్కువ బరువు కేటగిరీ లైట్ హెవీకి దిగినాడు. 2004 మేలో టార్వర్ రెండో రౌండ్లో ఒకే లెఫ్ట్‌తో ముగిచ్చేసినాడు. అదే ఏడాది సెప్టెంబర్లో గ్లెన్ జాన్సన్ చేతిలో మళ్ళా నాకౌట్. బరువు దించడమే కారణమని కొందరంటారు, వయసు 35 అని కొందరు, నేనైతే మూడోది చెప్తా, అన్నేండ్లు ఆయన దవడ సంగతి ఎవురికీ తెలీదు, ఎందుకంటే తగిలితే గదా. కాళ్ళు నెమ్మదించినాక తెలిసింది.

ఒకసారి పోయినాక మళ్ళా మళ్ళా పోవడం శానామందికి జరిగింది. మొదటిదాని తర్వాత గ్యాప్ ఇవ్వకుండా ఇంకో ఫైట్ పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

కాణిపాకం_కామెంట్:
మన విజేందర్ సంగతేంది? 12 వరసగా గెలిచి గోవాలో ఓడలో పోయినాడు గదా

హెవీవెయిట్_రెడ్డన్న:
2021 మార్చి, ఆర్టిష్ లోప్సాన్, రష్యా వాడు, ఐదో రౌండ్లో రిఫరీ ఆపినాడు. దాన్ని దవడ ఖాతాలో రాయొద్దబ్బా. 35 ఏండ్లు, ఏడాది పైనే గ్యాప్, కోవిడ్ కాలం. ఒలింపిక్ మెడల్ తెచ్చిన కాళ్ళు అవి కావు.

పుంగనూరు_పిడికిలి:
సరే అయితే ఒక ప్రశ్న. దవడ అంత ముఖ్యం కాకపోతే వ్లాదిమిర్ క్లిచ్కో అన్నిసార్లు ఎందుకు పోయినాడు? పోయినోడు అన్నేండ్లు ఎట్ల ఏలినాడు? ఈ రెండూ నాకు కుదరడం లే.

హెవీవెయిట్_రెడ్డన్న:
ఇది అడిగినావు జూడు, దీనికోసమే ఇంతసేపు కూచున్నా. 1998లో రాస్ ప్యూరిటీ, 2003లో కోరీ శాండర్స్, 2004లో లేమన్ బ్రూస్టర్. మూడూ ఆపించినవే. 2004లో జనం క్లిచ్కో పని ఐపోయిందన్నారు. అప్పుడు ఇమాన్యుయెల్ స్టీవర్డ్ అనే డెట్రాయిట్ కోచ్ చేతిలో ఉన్నాడు. స్టీవర్డ్ చేసింది దవడ గట్టిచేయడం కాదు, దవడను దాచడం. ఆరడుగుల ఆరంగుళాల మనిషికి పొడుగు జాబ్ నేర్పిచ్చినాడు, ఎదుటోడు దగ్గిరికొస్తే ఎడం చేత్తో తోసి ఆపడం, ఇంకా దగ్గిరికొస్తే పట్టుకోని బరువంతా వాని మెడ మీద వాల్చేయడం. చూసేదానికి నీరసమే, మా ఆవిడ టీవీ కట్టేసేది. కానీ 2006 నుంచి 2015 దాకా చాంపియన్. అదే దవడ! ఒక్క గ్రాము గట్టిపడలా.

లెనాక్స్ లూయిస్‌కు కూడా స్టీవర్డే. 1994లో మెకాల్ రెండో రౌండ్లో లూయిస్‌ను పడేసినాక ఆ లూయిస్ పోయి మెకాల్ కార్నర్లో (రింగు పక్కనుండే కోచ్ బృందంలో) ఉన్న స్టీవర్డ్‌నే తన కోచ్‌గా పెట్టుకున్నాడు, ఎంత తెలివో చూడండి. 2001లో మళ్ళా రహ్మాన్ చేతిలో పోయినాడు, ఏడు నెలలకు నాలుగో రౌండ్లో లెక్క సరిచేసినాడు. ఇద్దర్నీ ఒక్క దెబ్బకు పోయే బాపతు అన్నారు, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉండారు.

కుర్రోడా, మీ తమ్మునికి చెప్పు. గాజు దవడ నిజంగానే ఉన్నా దారి అదే, కొట్టించుకోవడం కాదు.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ:
ఇప్పుడు అసలు భయపడాల్సింది నేను చెప్తాను. గాజు దవడ వాళ్ళ గురించి నాకంత బాధ లేదు. వాళ్ళు పడతారు, ఆపేస్తారు, ఇంటికి పోతారు. నా భయం గట్టి దవడ వాళ్ళ గురించి, అలీ లాంటివాళ్ళ గురించి.

అలీ 1974లో కిన్షాసాలో తాళ్ళకు ఆనుకుని ఫోర్‌మన్ చేత కొట్టించుకున్నాడు, ఎనిమిదో రౌండ్లో గెలిచాడు, ప్రపంచమంతా ఎంత తెలివి అంది. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. 1977లో షేవర్స్‌తో 15 రౌండ్లు. ఆ ఫైట్ తర్వాత ఆయన డాక్టర్ ఫెర్డీ పాచెకో ఇక నావల్ల కాదని వెళ్ళిపోయాడు. అయినా ఆయన పడలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. 1980లో హోమ్స్ పది రౌండ్లు కొట్టాడు, అప్పుడూ పడలేదు, కార్నర్ ఆపింది. 1984లో పార్కిన్సన్స్ అని చెప్పారు. జబ్బుకి బాక్సింగ్ ఒక్కటే కారణమని ఒక మనిషి విషయంలో ఏ డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేడు, నేనూ చెప్పను. కానీ పదే పదే తలకి దెబ్బలు తిన్న బాక్సర్లలో మతిమరుపు, తడబాటు, మాట ముద్దగా రావడం మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టర్ 1928లోనే రాసిపెట్టాడు. దాదాపు వందేళ్ళు అవుతోంది. లెక్క నాకౌట్లది కాదు, మొత్తం తిన్న దెబ్బలది, అందులో ఎక్కువ భాగం జిమ్ములోనివే.

మెసానికల్_మణి:
డాక్టరమ్మా ఈ పోస్టు ప్రింట్ తీసి జిమ్ములో అంటిచ్చాల.

అలీ పేరొచ్చింది కాబట్టి, మా నాయన 1980లో మద్రాసు నెహ్రూ స్టేడియంకు చిత్తూరు నుంచి బస్సులో పోయి అలీని చూసొచ్చినాడు, జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన ఆట. మా ఇంట్లో బాక్సింగ్ పిచ్చి ఆడనే మొదలైంది. ఆ మనిషి జేబురుమాల్తో మ్యాజిక్ చేసినాడని మా నాయన శానా ఏండ్లు చెప్తానే ఉండె, పంచ్‌ల గురించి ఒక్క మాట చెప్పడు 😄

పుంగనూరు_పిడికిలి:
మరి హెడ్ గార్డ్ పెట్టుకోని తింటే? వాళ్ళ జిమ్ములో పెడతారంట గదా.

సౌత్‌పా_సుధ:
హెడ్ గార్డ్ కనుబొమ్మ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. తల తిరగడాన్ని ఆపదు, పైగా తల సైజు పెరుగుతుంది కాబట్టి తప్పించుకోవాల్సిన దెబ్బ అంచుకి తగులుతుంది, పక్క చూపు తగ్గుతుంది. 2013లో సీనియర్ మగవాళ్ళకి హెడ్ గార్డ్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు లేకుండానే ఆడారు, ఆడవాళ్ళకి ఉంచారు. ఆ నిర్ణయం మీద ఇంకా గొడవ ఉంది. నేను జిమ్ములో మాత్రం పెట్టిస్తాను, చీలికలు పడితే పిల్లలు నెల పోతారు కాబట్టి. కానీ హెడ్ గార్డ్ ఉంది కదా అని గట్టిగా కొట్టుకోండి అంటే అది మోసం.

కొర్లగుంట_కుర్రోడు:
మెడ ఎక్సర్‌సైజ్‌లు చెప్పండక్కా, వాడు ఏదో ఒకటి చేయకుండా ఊరుకోడు. టైసన్ లాగా తలకిందులుగా బ్రిడ్జ్ (తల, కాళ్ళ మీద ఒళ్ళంతా ఎత్తి నిలపడం) వేస్తానంటున్నాడు.

సౌత్‌పా_సుధ:
బ్రిడ్జ్ ఇప్పుడే వద్దు, టైసన్ మెడ 20 అంగుళాలకు దగ్గర, మీ వాడిది పెన్సిలు. అరచేయి నుదుటి మీద పెట్టి తలతో తోయాలి, తల కదలకూడదు, పది సెకన్లు, తర్వాత వెనక, తర్వాత రెండు పక్కలా. సగం బలంతో మొదలుపెట్టాలి. కొన్ని వారాలయ్యాక టవల్‌తో, తర్వాత మంచం మీద పడుకుని తల అంచు బయటికి పెట్టి ఎత్తడం. భుజాలు ఎత్తే కండలు కూడా, డంబెల్ పట్టుకుని ష్రగ్స్. మెడ చురుక్కుమంటే ఆపేయాలి.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ:
మెడ గురించి ఒక లెక్క ఉంది, 2014లో అమెరికా హైస్కూల్ ఆటగాళ్ళ మీద వచ్చిన పరిశీలన, మెడ బలం ఒక పౌండు పెరిగితే తలకి దెబ్బ తగిలి కంకషన్ (కుదుపుకి మెదడు పని కొన్నాళ్ళు దెబ్బతినడం) వచ్చే అవకాశం 5 శాతం తగ్గింది. అది సాకర్, బాస్కెట్‌బాల్, లాక్రాస్ పిల్లలది, బాక్సర్లది కాదు. మెడ పెంచడం మంచిదే, కవచం అనుకోవద్దు.

కుర్రోడూ, ఇంతకీ ఎవరూ అడగలేదు. మీ తమ్ముడికి ఆ రోజు నుంచి తలనొప్పి ఉందా? నిద్ర ఎట్లా ఉంది? లైటు, శబ్దం చిరాకు పెడుతున్నాయా? చదివింది గుర్తుంటోందా?

కొర్లగుంట_కుర్రోడు:
తలనొప్పి సాయంత్రం పూట అంటాడు, జిమ్ము నుంచి వచ్చినాక. ఫోన్ చూస్తే ఎక్కువవుతుందంట. ఇంటర్ సెకండియర్, చదివింది ఎక్కడం లేదు అన్నాడు, నేను సాకు అనుకున్నా. నిన్న అమ్మతో లైట్ కట్టేయమని గొడవ పడ్డాడు. వచ్చే నెల వైజాగ్‌లో సెలెక్షన్స్ ఉన్నాయి, తిరుమల ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు కూడా చేసేసినారు.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ:
ఈ క్షణం నుంచి స్పారింగ్ లేదు, బ్యాగ్ లేదు, మెడ ఎక్సర్‌సైజ్ కూడా లేదు, నేను చెప్పేవరకు పరుగు కూడా వద్దు. ఇవి కంకషన్ లక్షణాలు, ఇంకా తగ్గకముందే రోజూ మళ్ళీ తింటున్నాడు. మొదటిది మానకముందే రెండోది తగిలితే, అదీ ఈ వయసులో, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు, అరుదే కానీ ఉంది. రేపు పొద్దున న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్ళండి. రాత్రికి వాంతులు, మగత, మాట తడబాటు, ఒక కంటిపాప పెద్దగా కనపడటం, చేయి కాలు బలహీనం, వీటిలో ఏది కనిపించినా పొద్దున్న దాకా ఆగకుండా క్యాజువాలిటీకి. అమ్మకి ఈ రాత్రే చెప్పాలి, రాత్రి వాడి గదిలో ఎవరో ఒకరు పడుకోవాలి.

పుంగనూరు_పిడికిలి:
తమ్ముడూ పోనీ సెలెక్షన్స్, పోనీ. మా బావ అలిపిరి దగ్గర ఆటో తోల్తాడు, పొద్దున్నే కావాలంటే చెప్పు, డబ్బులేం వద్దు.

మెసానికల్_మణి:
కోచ్‌తో నువ్వు మాట్లాడొద్దు, ఆయప్ప వాదనకొస్తాడు, నీకు తెలీదంటాడు. డాక్టరు చీటీ మీద ఎన్ని వారాలు రెస్టో రాయిచ్చుకో, జిరాక్స్ తీసి ఒకటి జిమ్ములో ఇయ్యి, ఒకటి జిల్లా అసోసియేషన్‌లో ఇయ్యి. చీటీ అందినాక గూడా రింగులోకి దింపితే ఆ బాధ్యత వాళ్ళ మీదుంటాది, అందుకే ఎవురూ దింపరు. టికెట్ క్యాన్సిల్ చేస్తే సగమన్నా వస్తాది. మళ్ళా మొదలుపెట్టే రోజు వచ్చినాక చిత్తూరు పంపీ, గడ్డం దించడం నేను నేర్పిస్తా, మెసానికల్ గ్రౌండ్‌లో పొద్దున ఐదున్నరకు.

కొర్లగుంట_కుర్రోడు:
అమ్మకు చెప్పేసినా. వాడు ఏడుస్తా ఉన్నాడు, సెలెక్షన్స్ గురించి. పిడికిలన్నా, ఏడున్నరకు ఆటో పంపమను, కొర్లగుంట మెయిన్ రోడ్డు మీదుంటాం.